వెళ్లేటప్పుడూ వెతకాలి!

వెబ్‌సైటులోకి దొంగలు జొరబడకుండా గోడలు కడతారు, తాళాలు వేస్తారు. మరి ఆ వెబ్‌సైటే తన చేత్తో తాను మన వేలిముద్రలనీ, ఆధార్ నంబర్లనీ బయటికి అందించేస్తుంటే? అక్కడే వస్తుంది... వడపోత సంగతి!

హైటెక్ సిటీలో ఏ పెద్ద ఆఫీసు గేటు దగ్గరైనా సాయంత్రం ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు మెడలో కార్డు ఉందా లేదా అని చూసిన సెక్యూరిటీ గార్డు, ఇప్పుడు బయటికి వెళ్లేవారి బ్యాగులు తెరిపిస్తుంటాడు. ల్యాప్‌టాప్ ఎవరిదో చూస్తాడు. పెద్ద సామానేదైనా బయటికి పోవాలంటే గేట్‌పాస్ ఉండాల్సిందే. ఎంత పెద్ద హోదాలో ఉన్నా మినహాయింపు లేదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయీ సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచీ ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని సాఫ్ట్‌వేర్లు తయారయ్యాయి. 2022 నవంబరు నుంచైతే అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు కూడా హైదరాబాద్‌లోనే పనిచేస్తున్నాయి. అంటే రాసే చెయ్యే కాదు, నడిపే యంత్రాలూ ఇక్కడివే. మనం ఫోనులో ఏదో ఒకటి నొక్కిన ప్రతిసారీ ఎక్కడో ఒక సర్వరు ఒక పేజీ తయారుచేసి పంపిస్తుంది. మనిషి సంచీని తెరిచి చూసే గేటు ఉంది సరే... ఆ పేజీని తెరిచి చూసే గేటు ఉందా?

లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. సైబరాబాద్ పోలీస్ స్టేషన్ చాలు.

పత్రంలో వేలు... ఖాతాలో చిల్లు!

2022లో సైబరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. వాళ్లు తుపాకులు చూపించలేదు. ఏటీఎం పగలగొట్టలేదు. ఓటీపీ చెప్పమని ఎవరికీ ఫోను చెయ్యలేదు. అయినా దాదాపు 150 మంది బ్యాంకు ఖాతాల్లోంచి 14 లక్షల రూపాయలకు పైగా డబ్బు మాయమైంది.

ఎలాగంటే... పల్లెల్లో బ్యాంకు మిత్రల దగ్గర ఆధార్‌తో డబ్బు తీసుకునే పద్ధతి ఒకటుంది. చెక్కు అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, పిన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆధార్ నంబరు చెప్పి, ఫలానా బ్యాంకు అని చెప్పి, చిన్న యంత్రం మీద వేలు పెడితే చాలు, డబ్బు చేతికొస్తుంది. చదువురాని అవ్వకి, ఊళ్లో బ్యాంకు లేని తాతకి ఇది పెద్ద వరం. కానీ ఆధార్ నంబరూ, వేలిముద్రా రెండూ వేరేవాడి చేతిలో పడితే అదే శాపం.

ఆ రెండూ ఒకేచోట దొరికే తావు ఏది? ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు! అమ్మినవారూ, కొన్నవారూ, సాక్షులూ... అందరి వేలిముద్రలూ, ఆధార్ వివరాలూ అందులో ఉంటాయి. పోలీసులు చెప్పినదాని ప్రకారం, ఆ ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజుల నకళ్లను దించుకుంది. వాటిలోని వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసింది. వాటిని యంత్రం మీద ఒత్తి డబ్బు తీసుకుంది.

ఇది మొదటిసారి కూడా కాదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 జూన్‌లో, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డుల వ్యాపారం చేసే ఒకతణ్ని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. అతడిది ఇంకో అవసరం. కంపెనీ పెట్టిన సిమ్‌ల టార్గెట్ పూర్తి చెయ్యాలి. అందుకని తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే వేలిముద్రలు తయారుచేసి, వేల సిమ్‌కార్డులను ఎవరెవరి పేర్లతోనో యాక్టివేట్ చేశాడు. తమ పేరు మీద సిమ్ ఉందన్న సంగతి ఆ దస్తావేజుల్లోని మనుషులకు తెలియనే తెలియదు.

ఈ రెండు కేసుల్లోనూ గమనించాల్సిన విషయం ఒక్కటే. ఎవరూ సర్వరు తాళం పగలగొట్టలేదు. వెబ్‌సైటు తన పని తాను చేసింది. అడిగారు... ఇచ్చింది!

అడిగినవాడికి అడిగినంత

సర్వరు అంటే భయపడాల్సిన పనేం లేదు. తహసీల్దారు ఆఫీసులో కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా అనుకోండి. మనం చీటీ రాసి ఇస్తాం. ఆయన లోపలికెళ్లి బీరువాలోంచి ఫైలు తీసి, కావలసిన కాగితం రాసి కిటికీలోంచి అందిస్తాడు. చీటీని కంప్యూటరు భాషలో రిక్వెస్టు అంటారు. ఇచ్చే కాగితాన్ని రెస్పాన్సు అంటారు. అంతే తేడా.

కంపెనీలు ఏళ్లుగా తమ డబ్బునీ, బుర్రనీ ఎక్కువగా ఖర్చు పెడుతున్నది చీటీల మీద. ఈ చీటీలో మోసం ఉందా? దొంగ ఆదేశాలున్నాయా? ఒకే మనిషి నిమిషానికి వెయ్యి చీటీలు ఇస్తున్నాడా? ఇవన్నీ చూసే కాపలా సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. చీటీ సరిగ్గా ఉంటే పని అయిపోయినట్టే. గుమాస్తా కిటికీలోంచి అందించే కాగితంలో ఏముందో చూసేవారు మాత్రం తక్కువ.

కానీ చీటీ సక్రమంగానే ఉండి, కాగితం ప్రమాదకరంగా ఉంటే? దస్తావేజు నకలు కావాలని అడగడం తప్పు కాదు. స్థలం కొనేవాడు అమ్మేవాడి హక్కు చూసుకోవాలిగా! ఆ నకలులో వేలిముద్ర చెక్కుచెదరకుండా బయటికి రావడం తప్పు. ఆ తప్పుని పట్టుకోవాలంటే చీటీని ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు. కాగితాన్నే చూడాలి.

బిందెలు చేతులు మారినట్టు...

సర్వరు తయారుచేసిన ప్రతి పేజీనీ బయటికి పంపేముందు వడపోసే ఏర్పాటు కొత్తదేం కాదు. ప్రపంచంలో వేలాది వెబ్‌సైట్లని నడిపే అపాచీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో 2002లో వచ్చిన రెండో తరంతోనే ఈ సదుపాయం వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు దానికి పెట్టిన పేరు తమాషాగా ఉంటుంది... బకెట్ బ్రిగేడ్!

పల్లెటూళ్లో పూరిల్లు అంటుకుంటే ఏం చేస్తారు? బావి నుంచి ఇంటిదాకా జనం వరసగా నిలబడతారు. బిందె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ వెళ్తుంది. అపాచీలోనూ అంతే. పేజీ మొత్తం ఒక్కసారిగా బయటికి పోదు. ముక్కలు ముక్కలుగా, బకెట్లలో నింపినట్టు నింపి పంపిస్తారు. దారిలో వరసగా వడపోతలు నిలబడి ఉంటాయి. ఒకటి పేజీలో కొన్ని మాటలు మారుస్తుంది. ఇంకొకటి ఇవ్వకూడనిది ఉందేమో చూస్తుంది. చివరిది పేజీని కుదించి చిన్నది చేస్తుంది. ఆ తర్వాత తాళం వేసి, అంటే రహస్య లిపిలోకి మార్చి, మన ఫోనుకి పంపుతారు.

ఇక్కడ వరస ముఖ్యం. కుదించిన తర్వాత వెతికితే ఏమీ కనిపించదు. తాళం వేసిన తర్వాతైతే చెప్పనే అక్కర్లేదు. మూటకట్టి కుట్టేసిన గోనెసంచిలో బియ్యం ఉన్నాయో నూకలున్నాయో పైనుంచి చూసి చెప్పగలమా? కుట్టకముందే చూడాలి. వరసలో ఒక్క వడపోత తారుమారైనా, ఉండీ లేనట్టే.

జావాలో ప్రోగ్రాములు రాసేవారికి 2001 ప్రాంతంలోనే ఇలాంటి ఫిల్టర్లు అందుబాటులోకి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్‌నెట్‌లోనూ ఉన్నాయి. 2002లో ఇవాన్ రిస్టిక్ అనే ప్రోగ్రామరు మొదలుపెట్టిన మోడ్‌సెక్యూరిటీ అయితే ఈ పనికి పెట్టింది పేరు. అది పనిని అయిదు దశలుగా విడగొట్టుకుంటుంది. మొదటి రెండూ లోపలికొచ్చే చీటీని చూసేందుకు. మూడూ నాలుగూ బయటికెళ్లే కాగితాన్ని చూసేందుకు. అయిదోది చిట్టా రాసేందుకు. ఎన్నో చేతులు మారిన ఈ ఉచిత సాఫ్ట్‌వేరు బాధ్యతని 2024 జనవరిలో ఓవాస్ప్ అనే అంతర్జాతీయ భద్రతా సంస్థ తీసుకుంది.

పరికరాలన్నీ ఉన్నాయి. మరెందుకు అందరూ వాడరు? ఎందుకంటే... అది చెప్పినంత తేలిక కాదు!

పన్నెండు అంకెల తంటా

పేజీలో ఆధార్ నంబరుంటే పట్టుకోమని వడపోతకి చెప్పాలి. ఎలా చెబుతాం? 12 అంకెలు వరసగా కనిపిస్తే ఆపమంటాం. కానీ యూపీఐలో డబ్బు పంపితే వచ్చే రిఫరెన్సు నంబరు కూడా 12 అంకెలే! డబ్బు పోయిందని బ్యాంకుకి ఫిర్యాదు చెయ్యబోయే కస్టమరుకి ఆ నంబరు బదులు చుక్కలు కనిపిస్తే ఏమంటాడు?

అందుకే ఇంకాస్త తెలివిగా చూడాలి. ఆధార్ నంబరు సున్నాతో గానీ, ఒకటితో గానీ మొదలవదు. పైగా చివరి అంకె ఊరికే పెట్టింది కాదు. ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి వేసింది. ఈ లెక్క పేరు వెర్‌హూఫ్ పద్ధతి. నెదర్లాండ్స్‌కి చెందిన గణితవేత్త జేకబస్ వెర్‌హూఫ్ 1969లో దీన్ని కనిపెట్టాడు. ఒక్క అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క ఇట్టే పట్టేస్తుంది. క్రెడిట్ కార్డు నంబర్లకి ఇలాంటిదే ఇంకో లెక్క ఉంది. ఐబీఎం ఇంజినీరు హాన్స్ పీటర్ లూన్ దానికి 1960లో పేటెంటు పొందాడు. మోడ్‌సెక్యూరిటీలో కార్డు నంబర్లని పట్టుకునే పనిముట్టు పనిచేసేది ఈ లెక్కతోనే.

కాబట్టి 12 అంకెలు కనిపించగానే ఆపకుండా, ముందు ఈ లెక్క సరిపోయిందా అని చూస్తే చాలావరకు అనవసరపు అడ్డంకులు తప్పుతాయి. చాలావరకే! ఎందుకంటే ఏదో ఒక 12 అంకెల సంఖ్యని తీసుకుంటే, పదింట ఒకటి పొరపాటున ఈ పరీక్ష పాసైపోతుంది. పదివేల లావాదేవీలు చూపించే పేజీలో వెయ్యి వరకు ఇలా చుక్కలైపోవచ్చు. ఇది సాఫ్ట్‌వేరు ఇంజినీర్లకి నిద్రపట్టనివ్వని లెక్క. వడపోత మరీ సన్నంగా ఉంటే పప్పు కూడా దిగదు. మరీ లావుగా ఉంటే రాళ్లు కూడా దిగిపోతాయి.

ఇంకో చిక్కు బకెట్లది. ఆధార్ నంబరులోని మొదటి ఆరు అంకెలు ఒక బకెట్‌లో, మిగతా ఆరు తర్వాతి బకెట్‌లో పడ్డాయనుకోండి. విడివిడిగా చూస్తే ఏ బకెట్‌లోనూ ఆధార్ నంబరు లేదు! కాబట్టి వడపోత ముక్కలన్నిటినీ దగ్గరపెట్టుకుని, పేజీ మొత్తం వచ్చాక చూడాలి. దానికి మెమరీ కావాలి, సమయం కావాలి. లక్షల మంది ఒకేసారి పరీక్ష ఫలితాలు చూస్తున్నప్పుడు ఒక్కో పేజీకి రెప్పపాటు ఆలస్యం కూడా మొత్తంమీద కొండంత అవుతుంది. అందుకే మోడ్‌సెక్యూరిటీ తనంతట తాను 512 కిలోబైట్ల హద్దు పెట్టుకుంటుంది. అంతకు మించిన పేజీని ఆపేయాలా, మొదటి భాగం మాత్రం చూసి వదిలేయాలా అన్నది సర్వరు నడిపేవారు తేల్చుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన దస్తావేజులది. వాటిలో అంకెలు అక్షరాల రూపంలో లేవు. స్కాన్ చేసిన బొమ్మ రూపంలో ఉన్నాయి. వేలిముద్ర అయితే సరేసరి, అది బొమ్మే. అక్షరాలు వెతికే వడపోత ముందు ఆ బొమ్మ దర్జాగా నడిచి వెళ్లిపోతుంది. దాన్ని ఆపాలంటే బొమ్మలో ఏముందో చదవగల సాఫ్ట్‌వేరు కావాలి. లేదంటే నకలు తయారుచేసేటప్పుడే వేలిముద్రల చోట నల్లరంగు పులమాలి. రెండోదే తేలిక, రెండోదే నమ్మకం.

ఆ పసుపు పేజీ గుర్తుందా?

హాల్‌టికెట్ కోసమో, కరెంటు బిల్లు కోసమో వెబ్‌సైటు తెరిస్తే ‘సర్వర్ ఎర్రర్’ అంటూ పసుపు గళ్లతో అర్థంకాని ఇంగ్లిషు వరసలు కనిపించడం చాలామందికి అనుభవమే. మనం విసుక్కుని మళ్లీ ప్రయత్నిస్తాం. కానీ దొంగ బుద్ధి ఉన్నవాడు ఆ వరసలని శ్రద్ధగా చదువుతాడు. ఏ డేటాబేసు వాడుతున్నారు, ఏ వెర్షను, ఫైళ్లు ఏ ఫోల్డరులో ఉన్నాయి, ఏ పట్టికలో ఏ గడి ఉంది... ఒక్కోసారి ఇవన్నీ అందులో ఉంటాయి. ఇంటి ప్లాను గీసి, బీరువా ఎక్కడుందో గుర్తుపెట్టి, గేటుకి అంటించినట్టే!

బయటికెళ్లే పేజీల వడపోత బాగా పనిచేసేది ఇక్కడ. ఇలాంటి తప్పుల సందేశాలు దాదాపు ఒకే మాటల్లో ఉంటాయి. ఓవాస్ప్ వారి ఉచిత నియమావళిలో వీటికోసం ప్రత్యేకంగా కొన్ని నియమాలున్నాయి. డేటాబేసు సందేశాలకి ఒక కట్ట, జావాకి ఒకటి, పీహెచ్‌పీకి ఒకటి, మైక్రోసాఫ్ట్ సర్వరుకి ఒకటి. ఆ మాటలు కనిపించగానే పేజీని ఆపేసి, దాని బదులు ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న ఒక్క ముక్క పంపిస్తే చాలు. అసలు సందేశం లోపలి చిట్టాలోకి వెళ్తుంది. ఇంజినీర్లు అక్కడ చదువుకుంటారు.

కాపలావాడి జేబుకే చిల్లు!

వడపోత పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకుంటే పొరపాటే. 2017 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన అందుకు సాక్ష్యం.

క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికా కంపెనీ లక్షల వెబ్‌సైట్లకి ముందుండి కాపలా కాస్తుంది. పేజీలు దాని గుండానే మనకి వస్తాయి. దారిలో అది వాటిని చదివి చిన్నచిన్న మార్పులు చేస్తుంది. ఈమెయిలు చిరునామాలు దొంగల కంటపడకుండా దాచడం అందులో ఒకటి. అంటే అచ్చంగా వడపోతే! ఆ చదివే ప్రోగ్రాములో ఒక చిన్న తప్పుంది. పేజీ చివరికి చేరామా అని చూసేచోట ‘సమానమా’ అని అడిగారు. ‘సమానమా లేక దాటిపోయామా’ అని అడిగి ఉండాల్సింది. ఫలితంగా కొన్ని పేజీల దగ్గర అది చివర దాటి ముందుకెళ్లిపోయి, పక్కన మెమరీలో ఉన్న వేరేవాళ్ల సమాచారాన్ని కూడా కలిపి పంపేసింది.

గూగుల్‌లో పనిచేసే పరిశోధకుడు టావిస్ ఆర్మండీ దీన్ని కనిపెట్టాడు. ఉధృతంగా ఉన్న రోజుల్లో దాదాపు 33 లక్షల రిక్వెస్టులకి ఒకటి చొప్పున ఇలా జరిగి ఉండొచ్చని కంపెనీయే లెక్క చెప్పింది. చూడ్డానికి చిన్న సంఖ్యే. కానీ అలా బయటపడిన పేజీలు కొన్ని సెర్చ్ ఇంజిన్లలో భద్రమైపోయాయి. వాటిని వెతికి తుడిపించాకే విషయం ప్రపంచానికి చెప్పారు. దాచడానికి పెట్టినదే జారవిడిచింది!

అందుకే భద్రత తెలిసినవారు చెప్పే మొదటి సూత్రం వేరు. వడపోత ఆఖరి కాపలా మాత్రమే. అసలు కాపలా బీరువా దగ్గరే ఉండాలి. పేజీకి పేరూ, మొత్తమూ చాలనుకుంటే డేటాబేసు నుంచి ఆ రెండే తియ్యాలి. ఆధార్ నంబరుని కూడా తీసి, ఆ తర్వాత ఎక్కడో దారిలో దాచుదామనుకోవడం... ఇంట్లో నగలన్నీ వీధి అరుగు మీద పెట్టి, పైన దుప్పటి కప్పడం లాంటిది.

దాచాలా... చూపించాలా?

మరైతే అన్నీ దాచేస్తే సరిపోదా? సరిపోదు. అసలు కథ ఇక్కడే ఉంది.

ఉపాధి హామీ పథకం సంగతే తీసుకోండి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలీ వచ్చింది అన్నది ఊరందరికీ తెలియాలన్నది 2005 నాటి ఆ చట్టం ఉద్దేశం. సామాజిక తనిఖీలకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. మస్టరు రోల్ ఊళ్లో చదివి వినిపిస్తే కదా, పనిలోకి రాని మనిషి పేరుతో కూలీ ఎవరు తిన్నారో బయటపడేది! ఆ జాబితాలు వెబ్‌సైట్లో ఉండటం పేదవాడికి అండ.

కానీ ఆ అండలోనే ముల్లు దాగింది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ 2017 మేలో ఒక నివేదిక ఇచ్చింది. రాసినవారు అంబర్ సిన్హా, హైదరాబాద్‌కి చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. వాళ్లు చూసింది నాలుగే నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు. వాటిలో రెండు కేంద్రానివి, రెండు ఆంధ్రప్రదేశ్‌వి. కూలీల చెల్లింపుల నివేదికలు చూపించేది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఈ నాలుగింటి ద్వారానే సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు ఎవరికైనా కనిపించేలా ఉండి ఉంటాయని వాళ్ల అంచనా.

తర్వాతి ఏడాది 2018 ఏప్రిల్‌లో మళ్లీ అదే తంతు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, వాటితోపాటు కులం, మతం కూడా బయటికి కనిపించాయి. అదే నెలలో ఉపాధి కూలీల చెల్లింపుల పోర్టలులో సుమారు 89 లక్షల మంది ఆధార్ నంబర్లు దర్శనమిచ్చాయి. వీటినీ బయటపెట్టింది కొడాలే. విషయం పత్రికలకెక్కాక అధికారులు ఆ వివరాలను తొలగించారు.

ఇల్లు ఎవరికి మంజూరైందో ఊరికి తెలియాలి. అది పారదర్శకత. ఆ ఇల్లు వచ్చినామె ఆధార్ నంబరెంత, ఖాతా నంబరెంత అన్నది ఎవరికీ తెలియనక్కర్లేదు. అది గోప్యత. రెండూ ఒకే పేజీలో, పక్కపక్క గడుల్లో ఉంటాయి. గీత ఎక్కడ గియ్యాలో యంత్రానికి తెలియదు. మనిషే చెప్పాలి. ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు దాచి చివరి నాలుగే చూపించే పద్ధతి ఈ రెంటి మధ్యా కుదిరిన రాజీ. తన పేరు పక్కన చివరి నాలుగంకెలు చూసి కూలీ తనదే అని పోల్చుకుంటాడు. వేరేవాడికి వాటితో పని జరగదు.

చట్టం ఏమంటోంది?

ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించకూడదని 2016 నాటి ఆధార్ చట్టంలోని 29వ సెక్షనే చెబుతోంది. సైబర్ దాడో, సమాచారం బయటికి పొక్కడమో జరిగితే 6 గంటల్లో తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. తగిన జాగ్రత్తలు తీసుకోక సమాచారం పోగొట్టిన సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చని అందులో ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అవి దశలవారీగా అమల్లోకి వచ్చేలా గడువులు పెట్టారు.

అటు వేలిముద్ర యంత్రాల వైపూ కొంత మార్పు వచ్చింది. వేలిముద్ర బతికున్న మనిషిదా, రబ్బరుదా అని కృత్రిమ మేధతో పోల్చుకునే ఏర్పాటుని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. మంచిదే. కానీ అది దొంగ దుకాణం దాకా వచ్చాక ఆపే ప్రయత్నం. ముద్ర అతడి చేతికి అందకుండా ఆపడం వేరు.

అందిన సమాచారం ఎక్కడికి పోతుందో చెప్పడానికి సైబరాబాద్‌లోనే మరో ఉదాహరణ ఉంది. 2023 మార్చిలో ఇక్కడి పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. 16.8 కోట్ల మంది వివరాలు వాళ్ల దగ్గర అమ్మకానికి ఉన్నాయని చెప్పారు. అందులో రక్షణ సిబ్బంది వివరాలూ ఉన్నాయి. సమాచారం ఒకసారి బయటపడ్డాక దానికి సంత ఉంటుంది, ధర ఉంటుంది, కొనేవాళ్లుంటారు.

మన వంతుగా...

సర్వరుకి వడపోత పెట్టడం మన చేతిలో లేదు. కానీ ఇంట్లో చేసుకోగల పనులు కొన్నున్నాయి.

* ఆధార్ వెబ్‌సైటులోగానీ, ఎంఆధార్ యాప్‌లోగానీ వేలిముద్రలకి తాళం వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తెరుచుకుని, పనయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. ఇల్లో స్థలమో రిజిస్ట్రేషన్ చేయించుకున్న ప్రతివారూ ఈ పని వెంటనే చెయ్యడం మేలు.

* హోటల్లోనో, ఇంకెక్కడో గుర్తింపు కోసం ఆధార్ అడిగితే, ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే సరిపోతుందేమో అడగండి.

* పల్లెలో ఉన్న అమ్మానాన్నల ఖాతాకి మీ ఫోను నంబరైనా జతచేయించండి. డబ్బు తీసిన సందేశం ఎవరో ఒకరి కంటపడాలి.

* ఏ ప్రభుత్వ వెబ్‌సైటులోనైనా మీ పూర్తి ఆధార్ నంబరు అందరికీ కనిపిస్తుంటే ఆ శాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. ఆ పేజీని ఫొటో తీసి వాట్సప్ గ్రూపుల్లో పంచకండి. అది మంటకి గాలి కొట్టడమే.

* డబ్బు పోయిందని తెలియగానే 1930 నంబరుకి ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వెబ్‌సైటు తయారుచేసే ఇంజినీరుకి పేజీ బాగా వచ్చిందా, త్వరగా తెరుచుకుందా అన్నదే ముందు కనిపిస్తుంది. పరీక్షించేవారు కూడా ‘రావాల్సినవన్నీ వచ్చాయా’ అని చూస్తారు. ‘రాకూడనిదేదైనా వచ్చిందా’ అని అడగడానికి ఇంకో నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఖరీదు ఎవరు కడతారంటే... కంప్యూటరు ఎలా ఉంటుందో కూడా చూడని మనిషి.

పాస్‌వర్డు పోతే కొత్తది పెట్టుకోవచ్చు. ఏటీఎం కార్డు పోతే బ్యాంకు ఇంకొకటి ఇస్తుంది. కానీ బొటనవేలు? దేవుడిచ్చింది ఒక్కటే. దాన్ని మార్చి ఇచ్చే కౌంటరు ఏ ఆఫీసులోనూ లేదు!